వాక్యం కట్టడం నేర్పుదాం

బాతెల్ (వాషింగ్టన్ రాష్ట్రం): "మామా, నేను ఉన్నదే చెప్పిన. మేడమ్‌కు ఎందుకు అర్థం కాలే?"

కిందటేడాది చలికాలంలో ఓ సాయంత్రం మా అక్క కొడుకు అడిగిన ప్రశ్న ఇది. జగిత్యాల దగ్గర పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివి, అమ్మానాన్నలతో బాతెల్ వచ్చి అప్పటికి మూడు నెలలు. ఊళ్లో వాడిది పేరుకు ఇంగ్లిష్ మీడియమే. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉండేది. పాఠం చెప్పడం, ప్రశ్న అడగడం, కోప్పడటం మాత్రం తెలుగులోనే. ఇక్కడి స్కూల్లో టీచరమ్మ ఇంట్లో సంతకం పెట్టించి తేవాల్సిన కాగితం గురించి అడిగారు. "యు డిడ్న్ట్ బ్రింగ్ ది ఫామ్?" మావాడు వినయంగా "యెస్ మేడమ్" అన్నాడు. ఆమె చెయ్యి చాపారు. వీడు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. ఆమె మళ్లీ అడిగారు. వీడు మళ్లీ "యెస్" అన్నాడు. వెనక నుంచి నవ్వులు. ఆ తర్వాత వారం రోజుల పాటు వాడు క్లాసులో నోరు తెరవలేదు.

వాడి లెక్క ప్రకారం వాడు చెప్పింది సరైన జవాబే. "కాగితం తేలేదా?" అని తెలుగులో అడిగితే మనం "అవును, తేలేదు" అంటాం. అడిగినవాళ్ల మాట నిజమైతే అవును, కాకపోతే కాదు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. అక్కడ జవాబు పని జరిగిందా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. తెచ్చి ఉంటే "యెస్, ఐ డిడ్". తేకపోతే "నో, ఐ డిడ్న్ట్". ప్రశ్న ఎటు తిప్పి అడిగినా అంతే.

ఈ చిన్న తేడా ఎంత దూరం పోతుందో నేను అంతకుముందే చూశాను. గల్ఫ్‌లో పనిచేస్తున్నప్పుడు ఓ సైట్‌లో మన నిజామాబాద్ వైపు ఆయన స్కాఫోల్డింగ్ మీద ఉన్నాడు. వేరే దేశం ఫోర్‌మన్ కింద నుంచి "యు డిడ్ నాట్ హుక్ యువర్ బెల్ట్?" అని అరిచాడు. మనాయన "యెస్ సార్" అన్నాడు. అంటే "అవును సార్, ఇంకా తగిలించలేదు, తగిలిస్తున్నా" అని. ఫోర్‌మన్ తగిలించాడనే అనుకుని అటు తిరిగి క్రేన్‌కు సైగ చేశాడు. పక్కనే ఉన్న నేను కేకేసి ఆపించాను కాబట్టి సరిపోయింది. బడిలో వాక్యం తప్పితే నవ్వులతో పోతుంది. సైట్‌లో తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

నేను టీచర్ని కాను. సివిల్ డిప్లొమా చేసి సైట్లలో సూపర్‌వైజర్ పని చేసుకునేవాణ్ని. అయినా మావాడి మొహం చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. వాడితో పాటు మా అపార్ట్‌మెంట్లలోని మరో ముగ్గురు తెలుగు పిల్లలను శనివారం శనివారం కూర్చోబెట్టుకుని ఇంగ్లిష్ వాక్యాలు నేర్పడం మొదలుపెట్టాను. అందరూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లే. ఈ ఏడాదిలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. పిల్లలకు వాక్యాల పేర్లు నేర్పితే పేర్లే వస్తాయి. మన వాక్యం ఎక్కడ ఆగి, వాళ్ల వాక్యం ఎక్కడ మొదలవుతుందో చూపిస్తే మాట వస్తుంది. దుబాయ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, పిల్లలను ఊళ్లో వదిలి వచ్చిన మన వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎక్కడ వెనకబడుతున్నారు?

ముందు ఇక్కడి చదువు సంగతి. బాతెల్ సియాటెల్‌కు ఈశాన్యంగా, సమామిష్ నది ఒడ్డున ఉన్న ఊరు. సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో సుమారు 48 వేల మంది. పక్కనే రెడ్మండ్‌లో మైక్రోసాఫ్ట్ ఉండటంతో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఇక్కడి పిల్లలు చదివేది నార్త్‌షోర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో. 1959లో బాతెల్, వుడిన్‌విల్ డిస్ట్రిక్టులు రెండూ కలిసి ఏర్పడిన సంస్థ ఇది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు కామన్ కోర్ అనే ఉమ్మడి ప్రమాణాలను తీసుకున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో తీసుకుంది. ఆ ప్రమాణాలు తిరగేస్తే నాకు ఆశ్చర్యం వేసింది. డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపెరేటివ్, ఎక్స్‌క్లమేటరీ అనే నాలుగు రకాల వాక్యాలను పిల్లలు ఒకటో తరగతిలోనే సొంతంగా చెప్పగలగాలట. అంటే విషయం చెప్పేది, ప్రశ్న అడిగేది, పని చెయ్యమనేది, ఆశ్చర్యపడేది. ఏడో తరగతికి వచ్చేసరికి సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్, కాంపౌండ్-కాంప్లెక్స్ వాక్యాల్లో ఎక్కడ ఏది వాడాలో ఎంచుకోగలగాలట.

మరి ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వచ్చి చేరిన మన పిల్లవాడి సంగతేంటి? ఒకటో తరగతి పాఠానికీ, ఏడో తరగతి పాఠానికీ కూడా వాడు ఇక్కడ లేడు. తొమ్మిదో తరగతి టీచర్ అవన్నీ వచ్చే ఉంటాయని అనుకుని నేరుగా వ్యాసం రాయమంటారు. పునాది మట్టంలో ఉన్నవాణ్ని పట్టుకుని మూడో అంతస్తు గోడ లేపమన్నట్టు ఉంటుంది వాడి పరిస్థితి.

తెలుగు వ్యాకరణం మెట్టు లాంటిది

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడికి రాగానే చేసే పని, "ఇక ఇంట్లో తెలుగు బంద్" అనడం. నేను మాత్రం తెలుగు పుస్తకం తెరిచాను. మన హైస్కూలు తెలుగు వాచకాల్లో సామాన్య వాక్యం, సంయుక్త వాక్యం, సంశ్లిష్ట వాక్యం ఉన్నాయి. ప్రశ్నార్థకం, విధ్యర్థకం, ఆశ్చర్యార్థకం ఉన్నాయి. ఊళ్లో తెలుగు సారు దగ్గర మావాడు ఇవన్నీ చదువుకునే వచ్చాడు. "కాంప్లెక్స్ సెంటెన్స్ అంటే మన సంశ్లిష్ట వాక్యం లాంటిదే రా" అనగానే వాడి కళ్లలో వెలుగు కనిపించింది. తెలియని ఊళ్లో తెలిసిన మనిషి ఎదురైనట్టు.

అయితే ఆ మెట్టు ఎక్కాక జాగ్రత్తగా అడుగు వెయ్యాలి. రెండు భాషల వాక్యాలు ఒకేలా ఉండవు. తేడా వచ్చే చోట్లే మన పిల్లలు తడబడతారు. ఒక్కొక్కటీ చూద్దాం.

చెప్పే వాక్యం: రెండు పిల్లర్లు

తెలుగులో "మా నాన్న డ్రైవర్" అంటే వాక్యం అయిపోయింది. క్రియ అక్కర్లేదు. అందుకే పిల్లలు "మై ఫాదర్ డ్రైవర్" అంటారు. "వచ్చాను" అంటే చాలు, ఎవరు వచ్చారో ఆ "ను"లోనే తెలిసిపోతుంది. అందుకే "కేమ్ ఎస్టర్‌డే" అని కర్తను వదిలేస్తారు. ఇంగ్లిష్‌లో ఈ రెండూ కుదరవు. పిల్లలకు నేను చెప్పిన సూత్రం ఇది: ఇంగ్లిష్ వాక్యానికి రెండు పిల్లర్లు, ఒకటి కర్త, ఒకటి క్రియ. ఒక్క పిల్లర్ మీద స్లాబ్ నిలవదు.

ఒకమ్మాయి అడిగింది. "అంకుల్, ఇట్ ఈజ్ రెయినింగ్ అంటారు కదా. కురిసేది వాన. మధ్యలో ఈ ఇట్ ఎవరు?" మంచి ప్రశ్న. అక్కడ "ఇట్" అంటే ఎవరూ కాదు. కర్త పిల్లర్ ఖాళీగా ఉండకూడదని నిలబెట్టింది. బాతెల్‌లో చలికాలమంతా చినుకులే కాబట్టి ఆ వాక్యం ప్రాక్టీస్‌కు కొరత రాలేదు.

ఇంకో తిరకాసు "నాకు"తో వస్తుంది. నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరం వచ్చింది, నాకు ఇద్దరు తమ్ముళ్లు అంటాం. పిల్లలు "టు మీ" అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో అవన్నీ "ఐ" అవుతాయి. ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ హావ్ టూ బ్రదర్స్. తెలుగులో "నాకు"తో మొదలయ్యే ఇరవై వాక్యాలు పిల్లలతోనే రాయించి, ఒక్కొక్కటీ "ఐ"తో చెప్పించండి. రెండు వారాల్లో ఆ తడబాటు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: హెల్పర్ ముందుకు రావాలి

తెలుగులో ప్రశ్న వెయ్యడం ఎంతో సుఖం. "వస్తున్నావు" అన్న మాట చివర దీర్ఘం తీస్తే "వస్తున్నావా?" ప్రశ్న తయారు. మాటలు చోటు మారవు. అందుకే మనం "యు ఆర్ కమింగ్?" అంటాం, "వేర్ యు ఆర్ గోయింగ్?" అంటాం. ఎదుటివాళ్లకు అర్థమవుతుంది కానీ రాసేటప్పుడు మార్కులు పోతాయి. ఇంగ్లిష్‌లో ఈజ్, ఆర్, కెన్, విల్ లాంటి సహాయక క్రియ కర్తను దాటి ముందుకు రావాలి. ఆర్ యు కమింగ్? వేర్ ఆర్ యు గోయింగ్?

సహాయక క్రియ లేని వాక్యమైతే డూ, డజ్, డిడ్ తెచ్చి పెట్టాలి. ఇక్కడ మన పిల్లలందరూ చేసే తప్పు "డిడ్ యు వెంట్?" నేను చెప్పే మాట, "భూతకాలం బరువు డిడ్ ఎత్తుకుంది. ఇక గో నెత్తిన మళ్లీ పెట్టొద్దు." డిడ్ యు గో? డజ్ షి వర్క్? అంతే. హెల్పర్ బరువు మోస్తుంటే మేస్త్రీ ఖాళీ చేతులతో నడుస్తాడు అంటే నవ్వుకున్నారు. కానీ మర్చిపోలేదు.

ఇక మొదట చెప్పిన "యెస్, నో" సంగతి. దీనికి ప్రత్యేకంగా ఆట పెట్టాను. "యు డిడ్న్ట్ ఈట్?" "యు డోంట్ హావ్ ఎ పెన్?" "యు ఆర్ నాట్ కోల్డ్?" అని గబగబా అడుగుతాను. ఒట్టి "యెస్"తో, ఒట్టి "నో"తో ఆగకూడదు. వెనక చిన్న తోక తప్పనిసరి. "నో, ఐ డిడ్న్ట్." "యెస్, ఐ డూ." తోక పెట్టారంటే పొరపాటుకు తావుండదు. ఈ అలవాటు పిల్లలకన్నా ముందు సైట్ల మీద పనిచేసే మనకు కావాలి. ఫోర్‌మన్ ఏది అడిగినా ఒట్టి "యెస్ సార్" అనకండి. "బెల్ట్ హుక్డ్ సార్" అనో, "బెల్ట్ నాట్ హుక్డ్ సార్" అనో జరిగింది జరిగినట్టు చెప్పండి. వ్యాకరణం పోతే పోయింది, ప్రాణం ఉంటుంది.

అన్నట్టు, అమెరికాలో పనివాళ్ల భద్రతను చూసే ఓషా సంస్థ 2010లో ఓ విధాన ప్రకటన చేసింది. భద్రతా శిక్షణ పనివాడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటల్లో ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే అని దాని సారాంశం. ఇక్కడ పనిచేసే మన వాళ్లు అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు.

పని చెప్పే వాక్యం: "అండి" ఎక్కడ పెట్టాలి?

తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. రా అంటే చనువు, రండి అంటే గౌరవం. ఇంగ్లిష్ క్రియకు "అండి" తగిలించే వీల్లేదు. "గివ్ మీ ది పేపర్" అని మన పిల్లవాడు మంచి మనసుతోనే అంటాడు. వినేవాళ్లకు అది "ఇలా ఇయ్యి" అన్నట్టు వినిపిస్తుంది. వాడికి పొగరు అనుకుంటారు. పిల్లవాడికేమో తను చేసిన తప్పేంటో తెలియదు.

ఇంగ్లిష్ వాళ్లు మర్యాద కోసం పని చెప్పే వాక్యాన్ని ప్రశ్నగా మారుస్తారు. "కుడ్ యు గివ్ మీ ది పేపర్, ప్లీజ్?" "కెన్ ఐ గో టు ది రెస్ట్‌రూమ్?" "వుడ్ యు రిపీట్ దట్?" చూడటానికి ప్రశ్న, చేసే పని విజ్ఞప్తి. రండి, ఇవ్వండి, చెప్పండి అనే మాటలు ఓ పది తీసుకుని "కుడ్ యు"తో చెప్పిస్తే పిల్లలకు పట్టుబడుతుంది. "మామా, కుడ్ యు అంటే అండి అన్నట్టేనా?" అన్నాడు మావాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

దీనికి మినహాయింపు ప్రమాదం. మీద నుంచి ఇనుప రాడ్ జారుతుంటే "కుడ్ యు ప్లీజ్ మూవ్" అని ఎవరూ అనరు. "స్టాప్!" "వాచ్ అవుట్!" "గెట్ డౌన్!" ఒక్క ముక్కలో అరవాలి. అక్కడ మర్యాద చూసుకోకూడదు.

పని చెప్పే వాక్యానికి బడిలో ఇంకో రూపం ఉంది. పరీక్ష పేపర్. మన పిల్లలు ప్రశ్నార్థకం గుర్తు కోసం వెతుకుతారు. ఇక్కడి పేపర్లో చాలా ప్రశ్నలకు ఆ గుర్తే ఉండదు. "కంపేర్", "జస్టిఫై", "సైట్" అంటూ ఆజ్ఞలుంటాయి. విషయం తెలిసి కూడా ఏం చెయ్యమన్నారో తెలియక వదిలేసి వస్తారు. ఈ మాటలు ఓ కాగితం మీద రాసి గోడకు అంటించండి. కంపేర్ అంటే రెండింటినీ పోల్చి చూపు. కాంట్రాస్ట్ అంటే తేడాలు చూపు. సమ్మరైజ్ అంటే క్లుప్తంగా చెప్పు. జస్టిఫై అంటే కారణాలతో నిలబెట్టు. సైట్ అంటే పాఠంలోంచి ఆధారం ఎత్తి చూపు. ఇన్ఫర్ అంటే ఉన్నదాన్ని బట్టి లేనిది గ్రహించు. ఈ ఆరూ వస్తే పేపర్ మీద సగం భయం పోతుంది.

ఆశ్చర్యపడే వాక్యం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. "వాట్ ఎ బిగ్ ట్రీ!" "హౌ కోల్డ్ ఇట్ ఈజ్!" వాట్, హౌ కనిపించగానే ప్రశ్న అనుకోవద్దని చెబితే చాలు. "హౌ కోల్డ్ ఈజ్ ఇట్?" అంటే ఎంత చలి అని ప్రశ్న. "హౌ కోల్డ్ ఇట్ ఈజ్!" అంటే అబ్బ ఎంత చలి అని. రెండు చిన్న మాటలు అటూ ఇటూ మారితే అర్థం మారుతుంది.

వాన వస్తే, వాన వచ్చినా

ఇక పెద్ద వాక్యాల సంగతి. హైస్కూల్లో అసలు పరీక్ష ఇక్కడే. తెలుగులో "ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని పడుకున్నాను" అంటాం. నాలుగు పనులు, కానీ పూర్తి క్రియ చివర ఒక్కటే. మిగతావన్నీ అసమాపక క్రియలు. అందుకే మన పిల్లలు ఇంగ్లిష్‌లో నాలుగు పనుల మధ్య నాలుగు "అండ్"లు పెట్టుకుంటూ పోతారు. పేజీ నిండా "అండ్ దెన్, అండ్ దెన్".

దీనికి తెలుగు వ్యాకరణమే మందు. వాన మీద నాలుగు వాక్యాలు రాయించాను. "వాన వస్తే పని ఆపుతాం" చేదర్థకం. ఇంగ్లిష్‌లో "ఇఫ్". "వాన వచ్చినా పని ఆపలేదు" అప్యర్థకం. ఇంగ్లిష్‌లో "ఆల్‌దో". "వాన వచ్చింది కాబట్టి పని ఆపాం" అంటే "బికాజ్". "పాట వింటూ పని చేశాం" శత్రర్థకం. ఇంగ్లిష్‌లో "వైల్". తెలుగులో ఆ సంబంధం క్రియ తోకలో ఉంటుంది. ఇంగ్లిష్‌లో అది విడి మాటగా ముక్క ముందుకొచ్చి నిలబడుతుంది. ఆ మాట తర్వాత వచ్చే ముక్కకు మళ్లీ కర్త, క్రియ రెండు పిల్లర్లూ నిలబెట్టమనండి. "ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ స్టాప్ వర్క్." "ఆల్‌దో ఇట్ రెయిన్డ్, వుయ్ డిడ్ నాట్ స్టాప్."

ఒక్క హెచ్చరిక. మనం "వాన వచ్చింది, అయినా కానీ పని ఆపలేదు" అని అలవాటుగా రెండు మాటలు వేస్తాం. అదే అలవాటుతో పిల్లలు "ఆల్‌దో ఇట్ రెయిన్డ్, బట్ వుయ్ డిడ్ నాట్ స్టాప్" అని రాస్తారు. ఆల్‌దో ఉంటే బట్ వద్దు. బికాజ్ ఉంటే సో వద్దు. ఒక జాయింట్‌కు ఒక బోల్టు చాలు.

ఎలా నేర్పాలి?

వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టిస్తే రాయడం వస్తుందా? అమెరికాలో స్టీవ్ గ్రాహమ్, డొలొరెస్ పెరిన్ అనే పరిశోధకులు 4 నుంచి 12 తరగతుల పిల్లల రాత మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, 2007లో కార్నెగీ కార్పొరేషన్ కోసం "రైటింగ్ నెక్స్ట్" అనే నివేదిక ఇచ్చారు. పనికొచ్చే 11 పద్ధతుల్లో వాక్యాలు కలపడం ఒకటని తేల్చారు. వ్యాకరణాన్ని విడిగా సూత్రాలుగా చెప్పడం వల్ల రాతకు మేలు కనబడలేదని కూడా రాశారు. మా శనివారం గంటలో నేను చూసిందీ అదే.

ఆ గంటను ఇలా వాడుతున్నాం. మొదటి పావుగంట నోటితో మాత్రమే. ఒక్క విషయం తీసుకుని నాలుగు రకాలుగా చెప్పడం. "ది డోర్ ఈజ్ ఓపెన్. ఈజ్ ది డోర్ ఓపెన్? ఓపెన్ ది డోర్. వాట్ ఎ హెవీ డోర్!" రెండో పావుగంట "యెస్, నో" ఆట. తర్వాత పావుగంట రెండు చిన్న వాక్యాలిచ్చి ఒకటిగా కలపమనడం. "ఇట్ వాజ్ రెయినింగ్. వుయ్ వెంట్ టు స్కూల్." దీన్ని అండ్‌తో, బట్‌తో, ఆల్‌దోతో కలిపి, ఏది అసలు అర్థానికి దగ్గరగా ఉందో వాళ్లే తేల్చుకోవాలి. చివరి పావుగంట ఆ వారం బడిలో జరిగిన సంగతి ఐదు వాక్యాల్లో రాయడం. అందులో కనీసం ఒక ప్రశ్న, ఒక సంశ్లిష్ట వాక్యం ఉండాలి. తప్పులు దిద్దేటప్పుడు వారానికి ఒకే రకం తప్పు దిద్దుతాను. అన్నీ ఒకేసారి ఎర్ర సిరాతో గీస్తే పిల్లవాడు పెన్ను కింద పెడతాడు.

దూరంగా ఉన్న తండ్రులు ఏం చెయ్యొచ్చు?

"మేము క్యాంపులో ఉన్నాం, పిల్లలు ఊళ్లో ఉన్నారు, మాకే ఇంగ్లిష్ అంతంత మాత్రం" అంటారా? మీకు తెలిసిన తెలుగే చాలు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి పుస్తకాలు వచ్చాయి. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే ఫోన్లో పిల్లవాణ్ని తెలుగు పేజీలో ఒక వాక్యం చదవమనండి. పక్క పేజీలో దాని ఇంగ్లిష్ వాక్యం వెతికి చదవమనండి. "ఇందులో కర్త ఏది, క్రియ ఏది, ఏది ముందుకొచ్చింది?" అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. అడిగేవాళ్లుంటే పిల్లలు వెతుక్కుంటారు. సెలవు రోజున వాట్సాప్‌లో తెలుగులో ఐదు ప్రశ్నలు వాయిస్ పెట్టండి, ఇంగ్లిష్‌లో ఐదు వాయిస్‌లు తిరిగి పంపమనండి. ఓ పది నిమిషాల పని.

అమెరికా వచ్చే కుటుంబాలకు

ఇక్కడికి పిల్లలను తీసుకొస్తున్న వాళ్లు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏదని ఫారంలో అడుగుతారు. తెలుగు అనే రాయండి. "ఇంగ్లిష్ అని రాస్తే గొప్ప" అనుకుని కొందరు అబద్ధం రాస్తున్నారు. దానివల్ల పిల్లవాడికి రావాల్సిన సాయమే పోతుంది. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ స్థాయి చూస్తారు, అవసరమైతే అదనపు ఇంగ్లిష్ బోధన ఉచితంగా ఇస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2021-22 నుంచి దీనికి వైడా పరీక్షలు వాడుతున్నారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ చూస్తారు.

ఇదేమీ దయాదాక్షిణ్యం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లల తరఫున వేసిన లౌ వర్సెస్ నికోల్స్ కేసులో 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భాష రాని పిల్లలకు అందరితో పాటు అదే పుస్తకం, అదే టీచర్ని ఇచ్చి సమానంగా చూశామంటే కుదరదని చెప్పింది. వాషింగ్టన్ రాష్ట్రం 1979లో ఈ పిల్లల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. వీసా కాగితాల పరిస్థితి ఎలా ఉన్నా బడిలో చేర్చుకోవాల్సిందేనని 1982లో ప్లైలర్ వర్సెస్ డో తీర్పు చెప్పింది. టీచర్‌తో మాట్లాడటానికి మీకు ఇంగ్లిష్ చాలకపోతే దుబాసీని అడగండి. స్కూలే ఏర్పాటు చెయ్యాలి. డబ్బులు అడగరు.

తెలుగు బంద్ చెయ్యకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లిష్‌తో పాటు మరో భాషలో నైపుణ్యం చూపిన విద్యార్థులకు హైస్కూలు పూర్తయ్యేటప్పుడు "సీల్ ఆఫ్ బైలిటరసీ" అనే గుర్తింపునిచ్చే పద్ధతిని ఈ రాష్ట్రం 2014లో తెచ్చింది. స్కూల్ కౌన్సిలర్‌ను కలిసి వివరాలు అడగండి.

మావాడి విషయానికొస్తే, వాడి ఇంగ్లిష్ ఇంకా నడక దశలోనే ఉంది. "షి డోంట్" అంటాడు, నాలుక్కరుచుకుని "డజ్న్ట్" అంటాడు. మొన్న మళ్లీ ఏదో కాగితం ఇంట్లో మర్చిపోయి వెళ్లాడట. టీచరమ్మ మళ్లీ అలాగే అడిగారట, "యు డిడ్న్ట్ బ్రింగ్ ఇట్?" అని. ఏం చెప్పావురా అంటే సాయంత్రం నా ముందు నిలబడి ఒప్పజెప్పాడు.

"నో మేడమ్, ఐ డిడ్న్ట్. ఐ ఫర్‌గాట్ బికాజ్ ఐ వాజ్ లేట్. కెన్ ఐ బ్రింగ్ ఇట్ టుమారో?"

చెప్పే వాక్యం ఉంది, సంశ్లిష్ట వాక్యం ఉంది, మర్యాదగా అడిగే ప్రశ్న ఉంది. కాగితం మాత్రం ఇంట్లోనే ఉంది. "ఈసారి ఎవరైనా నవ్వారా?" అని అడిగాను.

"లేదు మామా. మేడమ్ ష్యూర్ అన్నది. గంతే."